హంసలదీవికి దారి తెలిసినవాళ్లు టికెట్ కౌంటర్‌లో ఎందుకు లేరు?



పాడేరు వైపు నుంచి మనవాళ్లు నలుగురు కోచింగ్ పని మీద విజయవాడ వస్తున్నారు. మధ్యలో రెండు రోజులు ఖాళీ ఉందట. "గుడి, మాల్ కాకుండా కొండో, నీళ్లో, అడవో ఏదైనా చెప్పండన్నా" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. అరకు, లంబసింగి చూడ్డానికి విజయవాడ జనం బస్సులు కట్టుకుని మన ఊళ్లకి వస్తుంటే, మన పిల్లలు ఇక్కడికొచ్చి ఏం చూడాలో మనకే సరిగ్గా తెలియదు.

ముందు జవాబు చెప్పేస్తాం. ఒక్క పూటే ఉంటే భవానీ ద్వీపం. ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణ మధ్యలో 133 ఎకరాల లంక, పున్నమి ఘాట్ వైపు నుంచి బోటు ఉంటుంది. ఒక రోజు ఉంటే కొండపల్లి. కోట ఎక్కండి, కానీ కోట కంటే దాని చుట్టూ ఉన్న అడవి చూడండి. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెట్టు ఆ అడవిదే. పక్షులంటే ఇష్టమైతే కైకలూరు దగ్గర ఆటపాక. కొల్లేటి అంచున గూడబాతులు చెట్ల మీద కాపురం పెట్టి ఉంటాయి, చలికాలం పొద్దున్నే వెళ్లాలి. సముద్రం చూడాలంటే బందరు దగ్గర మంగినపూడి. వీటన్నిటికంటే మాకు నచ్చింది మాత్రం దివిసీమ. కరకట్ట మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణుంచి కోడూరు, హంసలదీవి. ఆ చివర పాలకాయతిప్ప దాటితే కృష్ణ సముద్రంలో కలిసే చోటు. మాఘ పౌర్ణమికి స్నానాలకి జనం పోటెత్తుతారు. మిగతా రోజుల్లో గాలి, ఇసుక, మడ చెట్లు, అంతే.

జవాబు ఇంతటితో అయిపోయేదే. కానీ ఇది రాసుకుంటూ కూర్చున్నప్పుడు మా మధ్య ఒక మాట వచ్చింది. ఈ చోట్లన్నిట్లో మనవాళ్లు ఎక్కడున్నారు? కొండపల్లికి అవతల మైలవరం, ఎ.కొండూరు వైపు సుగాలీ తండాలున్నాయి. కిడ్నీ జబ్బులతో ఆ తండాలు కృష్ణా నీళ్ల కోసం ఎన్నేళ్లు మొరపెట్టుకున్నాయో మీకు తెలుసు. అదే కృష్ణలో ఇక్కడ జెట్‌స్కీలు తిరుగుతుంటాయి. బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కి వీకెండ్ జనం వెళ్తారు. అక్కడికి దగ్గర్లోనే స్టువర్టుపురం. ఎరుకల కుటుంబాలని క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద 1913లో తెచ్చి పెట్టిన సెటిల్‌మెంట్ అది. 1952లో ఆ చట్టం పోయింది, సినిమాలు మాత్రం పోలేదు. బీచ్‌కి వెళ్లే కార్లు ఊరి బోర్డు చూసి నవ్వుకుంటూ పోతాయి. సరే, ఆ బాధ ఇంకోసారి రాస్తాం. ఈ పోస్టు దివిసీమ యానాదుల గురించి.

ఏజెన్సీ నుంచి వచ్చిన తమ్ముళ్లు చాలామందికి డెల్టాలో ఎస్టీలున్నారన్న సంగతే తెలియదు. తప్పేం కాదు, పాఠాల్లో ఉండదు. ఆంధ్రప్రదేశ్ ఎస్టీల్లో సంఖ్యలో పెద్ద తెగల్లో యానాదులు ఒకరు, 2011 జనాభా లెక్కల్లోనే 5 లక్షలకు పైగా ఉన్నారు. నెల్లూరు ఎక్కువ, కానీ కోడూరు, నాగాయలంక మండలాల్లో కాలవ గట్ల మీద, మడ అడవి అంచున కాలనీలున్నాయి. చేపలు, పీతలు పడతారు. కోతల ముందు రైతులు ఎలుకలు పట్టడానికి పిలుస్తారు. ఈ మధ్య చాలామంది రొయ్యల చెరువుల దగ్గర కాపలా పనికి కుదిరారు. అడ్వాన్స్ తీసుకుంటారు, ఆ అప్పు తీరదు, చెరువు గట్టు దాటి కదల్లేరు. అందరి పరిస్థితీ అదే అనట్లేదు, కానీ చెరువు గట్టు మీద గుడిసె చూసినప్పుడు ఆ ఇంట్లో పిల్లలు బడికి వెళ్తున్నారా అని అడిగి చూడండి.

మేం వెళ్లినప్పుడు ఒక కాలనీలో ఒక తాత దగ్గర కూర్చున్నాం. మొదట లేచి నిలబడి "సార్" అన్నాడు. మాలో ఒకడు యానాదే, నెల్లూరు వాడు. "తాతా, నేనూ మనోణ్ణే, కూర్చో" అంటే నమ్మడానికి కాసేపు పట్టింది. చదువుకున్నవాడు వచ్చాడంటే సర్వేకో, కేసుకో అనే లెక్క ఆయనది. తర్వాత మాటలు కలిశాయి. మండపీత బొక్క చూపించి, "అంచున బురద తడి చూడు. ఇది లోపలుంది. అదిగో అది పాతది, పీత లేదు. ఇనప కొక్కెం పెట్టి కదిపితే చప్పుడుని బట్టే ఆడదో మగదో చెప్తా" అన్నాడు. తెల్లమడ ఏది, నల్లమడ ఏది, తిల్ల చెట్టు ఏది అని వరసగా చూపించాడు. తిల్ల పాలు కంట్లో పడితే చూపు పోద్దని, దాని కింద కొమ్మ విరవకూడదని చెప్పాడు. పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, ఏ పాయలో పడవ ఇరుక్కుంటుందో చంద్రుణ్ణి చూసి చెప్పేస్తాడు. మాలో ఇద్దరు బోటనీ చదువుతున్నారు. మూడేళ్లలో నేర్చుకోనిది ఒక మధ్యాహ్నంలో విన్నాం అని వాళ్లే అన్నారు.

ఆ అడవి సంగతి కొంచెం చెప్పాలి. కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య ఉన్నదే దివిసీమ. సముద్రం దగ్గర పడేకొద్దీ పాయలు ఇంకా చీలి, ఉప్పునీళ్లు, మంచినీళ్లు కలిసే చోట మడ అడవి పెరుగుతుంది. 1989లో ఇందులో 194.81 చదరపు కిలోమీటర్లని కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. ఇక్కడ నీటిపిల్లి ఉంటుంది, ఫిషింగ్ క్యాట్ అంటారే అది. నీళ్లలోకి దిగి చేపలు పడుతుంది. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి, ఒక్కోటి నూరుకి పైనే. కుక్కలు, నక్కలు తవ్వేయకుండా రాత్రిళ్లు తీరం వెంబడి నడిచి ఆ గుడ్లు ఏరి హేచరీకి చేర్చాలి. ఆ పనిలో యానాది కుటుంబాల వాళ్లు కూలికి పనిచేస్తుంటారు. తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలేటప్పుడు మాత్రం పేపర్ ఫొటోల్లో వేరేవాళ్లు కనిపిస్తారు.

ఇంకొకటి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. పది వేల మందికి పైగా పోయారు. అవనిగడ్డ వైపు ఏ ముసలాళ్లని కదిపినా ఆ రాత్రి గురించి చెప్తారు. మడ అడవి దట్టంగా ఉన్న చోట అలల జోరు తగ్గుతుందని ఆ తర్వాత అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే చెరువుల కోసం నరికారు. అందుకే ఈ అడవిని సెల్ఫీ పాయింట్‌గా మాత్రమే చూసేవాళ్ల మీద మాకు కోపం వస్తుంది. అది డెల్టాకి గోడ. దాన్ని ఎక్కువ మంది చూడాలి, తక్కువ మంది తొక్కాలి.

ఇప్పుడు అసలు విషయం. రాష్ట్రంలో టూరిజం ఊపందుకుంటోంది. 2024 నవంబరు 9న పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ట్రయల్ వేశారు. ఆ డిసెంబరులోనే కొత్త పాలసీ కింద టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. ఆ సీప్లేన్ దారి మ్యాపులో చూస్తే మాకు ఒకటి తట్టింది. శ్రీశైలం చుట్టూ నల్లమలలో చెంచులున్నారు, కింద హంసలదీవి దగ్గర యానాదులున్నారు. మన రాష్ట్రంలో కృష్ణ ఎగువ కొసనా, సముద్రం కొసనా నది పక్కన బతికేది ఎస్టీలే. మధ్యలో ఘాట్లు, రిసార్టులు. పాలసీ మీద మీటింగులు మధ్యలోనే జరుగుతాయి.

దివిసీమ తీరం మీద టూరిజం వాళ్ల కన్ను ఒక్కటే కాదు. నాగాయలంక మండలం గుల్లలమోదలో క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న ప్రధాని అమరావతి సభ నుంచి శంకుస్థాపన చేశారు. దేశ రక్షణకి మేం అడ్డం కాదు. కానీ శ్రీహరికోట గుర్తు తెచ్చుకోండి. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. అక్కడి అడవిలో బతికింది యానాదులే. రాకెట్లు చూసి దేశమంతా గర్వపడింది, మనమూ పడ్డాం. లాంచ్ చూడ్డానికి ఇప్పుడు విజిటర్ గ్యాలరీ కూడా ఉంది. ఆ దీవి మీద ఉన్న యానాది కుటుంబాలు ఎటు పోయాయో, ఏం దక్కించుకున్నాయో ఆ గ్యాలరీకి వెళ్లినవాళ్లలో ఎంతమంది అడుగుతారు?

దీని మీద మా రూంలో గట్టిగానే వాదన జరిగింది. ఒక పక్షం, "టూరిజమే వద్దు. అరకులో చూశాం కదా. రిసార్ట్ ఓనరు బయటవాడు, మనవాడు గేటు దగ్గర సెల్యూట్ కొడతాడు. రాత్రి క్యాంప్‌ఫైర్ దగ్గర మన అక్కచెల్లెళ్లు థింసా ఆడితే ఫోన్లు పైకెత్తుతారు." ఇంకో పక్షం, "వద్దంటే ఆగుద్దా? రేపు ఎవడో వచ్చి బోట్లు పెడతాడు. కనీసం ఆ జీతాలైనా మనోళ్లకి రానీ." రెండూ నిజమే. కానీ రెండిట్లోనూ ఒకటే లోపం ఉందని మాకనిపించింది. రెండూ యానాదిని రానిస్తారా లేదా అని బయట నిలబడ్డవాడిగానే చూస్తున్నాయి. ఆ మడ పాయల్లో చేప మీద, పీత మీద వాళ్లకి ముందే హక్కుంది. రాయించుకోలేదు, అంతే.

ఇక్కడ ఏజెన్సీ వాళ్లకీ, మైదాన ఎస్టీలకీ తేడా చెప్పాలి. అరకు, రంపచోడవరంలో 1/70 ఉంది, పెసా ఉంది. కృష్ణా డెల్టా ఐదో షెడ్యూల్‌లో లేదు, కాబట్టి ఆ రెండూ వర్తించవు. బయటవాడు భూమి కొంటే ఆపే చట్టం లేదు. 1997 సమత తీర్పులో షెడ్యూల్డ్ ప్రాంతంలో మైనింగ్ లాభాల్లో కనీసం 20 శాతం గిరిజనుల అభివృద్ధికి పక్కన పెట్టాలన్నారు. అదీ ఇక్కడికి రాదు. "మాకేం లేదు" అని మైదాన ఎస్టీ పిల్లలు నీరుగారిపోయేది ఇక్కడే.

కానీ 2006 అటవీ హక్కుల చట్టం అలా కాదు. దానికి షెడ్యూల్డ్ ఏరియా షరతు లేదు. అటవీ భూమి ఎక్కడుంటే అక్కడ వర్తిస్తుంది. అభయారణ్యం కూడా అటవీ భూమి కిందకే వస్తుందని చట్టం నిర్వచనంలోనే రాసి ఉంది. సెక్షన్ 3(1)(డి) చదవండి. చేపలు, నీటి వనరుల్లో దొరికే ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు అక్కడ ఉంది. పోడు పట్టాల గొడవలో మనం ఈ క్లాజుని పట్టించుకోలేదు. మడ పీతకి ఇంతకంటే దగ్గరగా వచ్చే మాట ఏ చట్టంలోనూ మాకు కనిపించలేదు.

"డెబ్బై ఐదేళ్ల రుజువు కావాలి కదా" అని చాలామంది భయపెడతారు. అది ఎస్టీలు కాని ఇతర అటవీ నివాసులకి. ఎస్టీలకి 2005 డిసెంబరు 13కి ముందు నుంచి ఆ అడవి మీద ఆధారపడి ఉంటే చాలు. కాగితాలు లేకపోతే పెద్దవాళ్ల వాంగ్మూలం రాసి పెట్టొచ్చు, దాన్ని సాక్ష్యంగా తీసుకోవాలని రూల్స్‌లో ఉంది. మేం మాట్లాడిన తాత లాంటివాళ్లు చెప్పే పాయల పేర్లు, పీత పట్టే చోట్లు, వలలు ఆరేసే దిబ్బలు, అవన్నీ రుజువులే. సామూహిక హక్కుకి ఫారం-బి. అటవీ హక్కుల కమిటీలో మూడింట రెండొంతుల మంది ఎస్టీలే ఉండాలి. పరిశీలన పూర్తయ్యేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదని సెక్షన్ 4(5).

తేలికని చెప్పట్లేదు. డెల్టా పంచాయతీలో యానాదులు కొద్దిమంది, గ్రామసభలో గొంతు ఎవరిదో మనకి తెలుసు. చాలామందికి కుల ధ్రువీకరణ పత్రం లేదు, కొందరికి ఆధార్ కూడా లేదు. మా వాడొకడు ఒక ఆఫీసులో ఈ చట్టం గురించి అడిగితే "ఇక్కడ అడవెక్కడుంది బాబూ, అంతా చెరువులేగా" అన్నారట. అభయారణ్యం బోర్డు ఆ ఆఫీసుకి వెళ్లే దారిలోనే ఉంది.

హక్కు కాగితం చేతిలో ఉంటే టూరిజం మాట వేరేగా ఉంటుంది. అప్పుడు బోటు యజమాని అనుమతి అడగాలి, వాటా మాట్లాడాలి. కాగితం లేకపోతే మనవాడు కూలి అడగాలి. అందుకే మా అభిప్రాయం సూటిగా: ముందు ఫారం-బి, తర్వాతే బోటింగ్ ప్యాకేజీ. తిరగేసి చేస్తే ఐదేళ్ల తర్వాత పీత పట్టే పాయలో "ప్రవేశం నిషేధం" అని బోర్డు ఉంటుంది, టూరిస్టు బోటుకి మాత్రం ప్రవేశం ఉంటుంది.

ఇది కలలా అనిపిస్తే తమిళనాడు ఇరులల సంగతి చూడండి. ఇరులలు మన యానాదుల్లాంటివాళ్లే, పాములు, ఎలుకలు పట్టడంలో పేరు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత పాము తోళ్ల వ్యాపారం ఆగి బతుకుతెరువు పోయింది. 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర పట్టి, కొన్నాళ్లు ఉంచి, విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. మహాబలిపురం దారిలో వడనెమ్మెలిలో విషం తీయడం చూడ్డానికి టూరిస్టులు టికెట్ కొనుక్కుని వస్తారు. డాన్స్ చూడ్డానికి కాదు, పని చూడ్డానికి. ఆ సంఘంలోని వడివేల్ గోపాల్, మాసి సడైయన్‌కి 2023లో పద్మశ్రీ వచ్చింది. మా వాదనంతా ఈ తేడాలోనే ఉంది. మన బట్టలు, మన ఆట చూపించి డబ్బడిగితే ఏదో దయతలచి ఇచ్చినట్టు ఇస్తారు. మన తెలివికి డబ్బడిగితే ఫీజు కడతారు. మడ పాయలో పడవ నడుపుతూ తిల్ల చెట్టు దగ్గర "చెయ్యి లోపల పెట్టుకోండి" అని చెప్పేవాడు గైడే. వాడికి యూనిఫాం, లైసెన్సు, టికెట్‌లో వాటా ఉండాలి.

ప్రాణాల లెక్కలో కూడా చూడండి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం చూడ్డానికి వెళ్తున్న బోటు బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర 77 మందితో ఉన్న బోటు మునిగింది. బతికింది 26 మంది. వాళ్లని ఒడ్డుకి చేర్చింది కచ్చులూరు జనం, తమ చిన్న పడవల్లో వెళ్లి. నది తెలిసినవాడు ప్రమాదం అయ్యాక పనికొచ్చాడు. బోటు కట్టేటప్పుడు, పర్మిట్ ఇచ్చేటప్పుడు వాణ్ణి ఎవరూ అడగలేదు. సముద్రం కలిసే చోట నీటి తీరు గంటగంటకీ మారుతుంది. అక్కడ బోటింగ్ పెట్టేవాళ్లు యానాది కుర్రాడు లేకుండా స్టార్ట్ చేయకూడదు అంటే అది మన మీద దయ చూపించడం కాదు, టూరిస్టు ప్రాణం కాపాడటం.

ఎంత టూరిజం అన్నది కూడా తేల్చుకోవాలి. చిన్న పడవలు, రోజుకింత మంది అని లెక్క, తాబేళ్ల సీజన్‌లో రాత్రిపూట తీరం మీద లైట్లు, డీజేలు బంద్. గుడ్లు పెట్టే తాబేలు వెలుతురు చూస్తే వెనక్కి తిరిగిపోద్ది, పిల్లలు లైటు వైపు పాకి చస్తాయి. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చి భవానీ ద్వీపం మునిగిపోయింది. నది ఒడ్డున సిమెంటు కట్టడాలు ఎంతకాలం నిలుస్తాయో అప్పుడే చూశాం.

ఇప్పుడు పని మాట. అటవీ హక్కుల చట్టం ఫారం-బి తెలుగు కాపీ, నింపిన నమూనా ఎవరి దగ్గరున్నా కింద పెట్టండి. నల్లమల వైపు చెంచు పెంటల్లో సామూహిక హక్కుల దరఖాస్తు పెట్టిన అనుభవం ఉన్నవాళ్లు ఒక పూట మాకు నేర్పితే చాలు. లా చదివే వాళ్లు ఇద్దరు కావాలి. యానాది మాట, యాస తెలిసిన నెల్లూరు, బాపట్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు తప్పకుండా కావాలి, మిగతావాళ్లం వెళ్తే మళ్లీ "సార్" అంటారు. సంక్రాంతి సెలవుల్లో నాలుగు రోజులు కోడూరు, నాగాయలంక కాలనీల్లో పెద్దవాళ్ల వాంగ్మూలాలు రాయాలని అనుకుంటున్నాం. ఖర్చు ఎవరిది వాళ్లదే, పడుకోడానికి చోటు చూస్తున్నాం.

పాడేరు నుంచి వచ్చే నలుగురికీ చెప్పండి: భవానీ ద్వీపం మానుకుని మాతో హంసలదీవి రండి. టోపీ, నీళ్ల బాటిల్ తెచ్చుకోండి, బురదలో దిగడానికి పాత చెప్పులు వేసుకోండి. పీతలు ఆ కాలనీలోనే కొందాం, బేరమాడకండి.